పైన నలభై నిమిషాలు, కింద నలభై నిమిషాలు: ఎందుకింత తేడా?

కిటికీపక్క | సోమవారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. ఆరేళ్ల పాటు పైన నడిచే లైనులో ఉద్యోగానికి వెళ్లొచ్చాను. నాలుగు నెలల కిందట ఆఫీసు మారింది, ఇప్పుడు రోజూ భూగర్భ లైను. అప్పుడూ నలభై నిమిషాలే, ఇప్పుడూ నలభై నిమిషాలే. రద్దీ కూడా ఇంచుమించు అంతే. అయినా ఇంటికి చేరేసరికి మనసు ఉండే తీరే మారిపోయింది.

ఇదివరకు రైలెక్కి కాసేపు బయటికి చూస్తే ఆఫీసులో జరిగినదంతా మెల్లగా వదిలిపోయేది. మేడల మీద ఆరేసిన బట్టలు, వంతెన కింద మలుపు తిరిగే బస్సులు, చీకటి పడుతుంటే ఒక్కొక్కటిగా వెలిగే కిటికీలు. వాటి గురించి ఏమీ ఆలోచించేదాన్ని కాదు, ఊరికే చూసేదాన్ని. ఇప్పుడు కిటికీలో నా ముఖమే కనిపిస్తోంది. పొద్దున్న తీసుకెళ్లిన టెన్షన్‌ని సాయంత్రం అలాగే ఇంటికి మోసుకొస్తున్నాను.

ఇంకొక సంగతి. నాలుగు నెలలుగా తిరుగుతున్నా ఆ దారిలో పైన ఏముందో నాకు తెలియదు. స్టేషన్ల పేర్లు వరసగా అప్పజెప్పగలను, కానీ రైలు ఎక్కడ ఎటు తిరుగుతుందో చెప్పలేను. ఇది నాకొక్కదానికేనా? ఈ రెండు ప్రయాణాలూ నిజంగానే వేరా, లేక నాకు ఇంకా అలవాటు కాలేదా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

సొరంగంపనివాడు | మంగళవారం, ఉదయం 6.15

మీకొక్కరికే కాదండీ. సొరంగాల్లో గాలి ఆడే ఏర్పాట్ల మీద పనిచేస్తాను కాబట్టి నాకు తెలిసిన వైపు నుంచి చెబుతాను.

అలసటకు పెద్ద కారణం చప్పుడే. పైన చక్రాల మోత నాలుగు దిక్కులా చెదిరిపోతుంది. కింద గోడలకు కొట్టుకుని తిరిగి బోగీ మీదికే వస్తుంది. పక్కవాళ్లతో మాట్లాడాలంటే మనకు తెలియకుండానే గొంతు పెంచుతాం, ఇయర్‌ఫోన్లలో పాట సౌండు పెంచుతాం. రోజుకు ఎనభై నిమిషాలు అలా గడిస్తే ఒంటి మీద ప్రభావం ఉంటుంది.

తర్వాత గాలి. సొరంగంలో రైలు, సిరంజిలో పిస్టన్ లాంటిది. ముందున్న గాలిని తోస్తుంది, వెనకనుంచి గాలిని లాక్కుంటుంది. రైలు కనబడక ముందే ప్లాట్‌ఫాం మీద గాలి వీస్తుంది చూడండి, అది ఇదే. ఇరుకు సొరంగంలోకి వేగంగా దూరినప్పుడు చెవులు దిబ్బడ వేయడం కూడా ఈ ఒత్తిడి మార్పు వల్లే. చక్రాలూ పట్టాలూ బ్రేకులూ అరిగి రాలే సన్నటి ఇనుప ధూళి పైన గాలికి కొట్టుకుపోతుంది. కింద అక్కడే తిరుగుతూ ఉంటుంది.

వేడి సంగతి నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా అనిపిస్తుంది. బ్రేకుల వేడి, మోటార్ల వేడి, వందల మంది ఒంటి వేడి, ఇదంతా పైన గాలిలో కలిసిపోతుంది. కింద మట్టిలోకి ఇంకుతుంది. లండన్‌లో లోతు లైన్లు తవ్విన కొత్తలో చుట్టూ ఉన్న బంకమట్టి దాదాపు 14 డిగ్రీలు ఉండేది. వేసవిలో చల్లగా ఉంటుంది రండి అని ప్రకటనలు కూడా వేశారు. వందేళ్లకు పైగా వేడి తాగి తాగి అదే మట్టి ఇప్పుడు చాలాచోట్ల 20 డిగ్రీలు దాటింది. అంటే ఇవాళ మనం వదిలిన వేడి మన తర్వాతి వాళ్ల ప్రయాణంలోకి వెళుతుంది.

1900లో అక్కడే తెరిచిన ఒక లైనులో స్టేషన్లను కాస్త మిట్ట మీద కట్టారు. రైలు స్టేషన్‌కి వస్తూ ఎగువకు ఎక్కుతుంది కాబట్టి దానంతటదే నెమ్మదిస్తుంది, బయల్దేరేటప్పుడు పల్లానికి దిగుతూ వేగం అందుకుంటుంది. కరెంటు ఆదా, బ్రేకుల వేడీ తక్కువ. ఆ లైను ఇప్పటికీ నడుస్తోంది.

పాతపట్టాలు | మంగళవారం, ఉదయం 8.02

మీ ముఖం మీకే కనిపించే కిటికీ గురించి రాశారు కదా, దానికి 1890 నుంచీ చరిత్ర ఉంది.

ప్రపంచంలో మొదటి భూగర్భ రైలు 1863 జనవరిలో లండన్‌లో మొదలైంది. అది లోతు లైను కాదు. రోడ్డు తవ్వి, పట్టాలు వేసి, పైన మళ్లీ కప్పేశారు. నడిపింది ఆవిరి ఇంజన్లతో కాబట్టి పొగ పోవడానికి మధ్యమధ్యలో ఆకాశం కనిపించే ఖాళీలు వదలాల్సి వచ్చింది. 1890లో కరెంటుతో నడిచే మొదటి లోతు లైను వచ్చింది. పొగ లేదు కాబట్టి ఖాళీలూ అక్కర్లేదు. బయట చూడటానికి ఏమీ లేదు కదా, కిటికీలెందుకు అనుకుని పైన సన్నటి అద్దాల పట్టీలు మాత్రం పెట్టి, సీట్ల వెనక భుజాల పైదాకా మెత్తటి పరుపు గోడ కట్టారు. స్టేషన్ పేరు బోగీలో ఉన్న ఉద్యోగి అరిచి చెప్పేవాడు. జనం ఆ బోగీలకు పిచ్చాసుపత్రి గదుల పేరు పెట్టారు. తర్వాత చేసిన బోగీలకు మామూలు కిటికీలే పెట్టారు.

చూడటానికి ఏమీ లేని చోట కూడా మనిషికి కిటికీ కావాలి. మీరు అడిగింది అలవాటుకు మించిన విషయం అని నేను అనుకోవడానికి కారణం ఇదే.

రెండుబస్సులు | మంగళవారం, ఉదయం 8.30

నాకు మాత్రం కిందదే నయం. ఎండ లేదు, వాన లేదు, ఒక పుస్తకం పట్టుకుంటే నలభై నిమిషాలు నావి. పైన వెళ్లేటప్పుడు సాయంత్రం ఎండ నేరుగా కళ్లలో కొట్టి ఒక్క పేజీ చదవలేకపోయేవాణ్ణి.

మూడోఅంతస్తు | మంగళవారం, మధ్యాహ్నం 1.10

కిటికీపక్క గారూ, చీకటి పడుతుంటే ఒక్కొక్కటిగా వెలిగే కిటికీలు అన్నారు. ఆ కిటికీల్లో ఒకటి మాది.

మా ఇంటి ముందు వంతెన లైను వచ్చి ఐదేళ్లయింది. పట్టాలు సరిగ్గా మా మూడో అంతస్తు ఎత్తులో ఉంటాయి. పొద్దున్న ఐదున్నర నుంచి రాత్రి పదకొండు దాకా ప్రతి నాలుగైదు నిమిషాలకు ఒక రైలు. మా ఇంటి దగ్గరే మలుపు ఉండటంతో చక్రం పట్టాకు ఒరుసుకుని కీచుమంటుంది. మొదట్లో చంటిబిడ్డ ప్రతి రైలుకూ ఉలిక్కిపడి లేచేది. చప్పుడు ఆపే గోడ కడతామని పని మొదలుపెట్టేటప్పుడు చెప్పారు. సగం దూరం కట్టి ఆపేశారు. మూడుసార్లు అర్జీ పెట్టాం, జవాబు లేదు.

చప్పుడు కంటే బాధ పెట్టేది ఇంకొకటి ఉంది. ఐదేళ్లుగా ముందు గది కర్టెన్లు తెరవలేదు. స్టేషన్ దగ్గర రైలు నెమ్మదిస్తుంది, లోపల నిలబడ్డవాళ్లు మా అన్నం పళ్లెం దాకా చూడగలరు. ఎవరూ చెడు ఉద్దేశంతో చూడరని నాకు తెలుసు. మీరు ఊరికే చూసేదాన్ని అన్నారు, నిజమే. కానీ ఇటువైపు కూర్చుని చూస్తే వేరుగా ఉంటుంది. అందుకే ఎంత ఖర్చయినా ఊళ్ల మధ్యలో రైలు భూమి కిందే వెళ్లాలంటాను.

కిటికీపక్క | మంగళవారం, సాయంత్రం 7.25

మూడోఅంతస్తు గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఆరేళ్లలో ఒక్కసారి కూడా అటువైపు నుంచి ఆలోచించలేదు. ఎప్పుడూ కర్టెన్ వేసి ఉండే ఇళ్లను కూడా చూసేదాన్ని, ఎందుకు వేశారో అనుకోలేదు. చెప్పినందుకు కృతజ్ఞతలు.

పాతపట్టాలు | మంగళవారం, రాత్రి 8.50

మూడోఅంతస్తు గారూ, మీ బాధ కొత్తది కాదండీ. న్యూయార్క్‌లో పందొమ్మిదో శతాబ్దం చివర్లో మన్‌హాటన్ వీధుల మీదుగా ఇనుప వంతెనల రైళ్లు నడిచాయి. మొదట్లో ఆవిరి ఇంజన్లు, కింద వెళ్లేవాళ్ల మీద నిప్పురవ్వలూ నూనె చుక్కలూ పడేవి. వంతెన నీడలో వీధంతా పగలే మసకగా ఉండేది. 1888 మార్చిలో వచ్చిన మంచు తుపానుకు ఆ రైళ్లు స్తంభించిపోయాయి. రైలు భూమి కింద ఉండాలన్న వాదనకు ఆ తుపాను బలమిచ్చింది. 1904 అక్టోబరులో భూగర్భ లైను తెరిచారు. ఆ తర్వాత వంతెనలను ఒక్కొక్కటిగా తీసేశారు, మన్‌హాటన్‌లో మూడో అవెన్యూ మీదుగా వెళ్లే లైను 1955లో ఆగిపోయింది.

అయితే చికాగో తీసేయలేదు. అక్కడ వంతెన రైలు 1892 నుంచి ఉంది, ఊరి నడిబొడ్డున చుట్టు తిరిగే భాగం 1897లో పూర్తయింది, ఇప్పటికీ భవనాల మధ్యనుంచి వెళుతుంది. ఒకే కాలంలో పుట్టిన రెండు ఊళ్ల రైళ్లు రెండు దారులు పట్టాయి.

పైన, కింద అనే రెండు మాటల మధ్య గీత కూడా అంత స్పష్టంగా లేదు. అండర్‌గ్రౌండ్ అని పేరు పెట్టుకున్న లండన్ రైలు దారిలో సొరంగం దాదాపు 45 శాతమే. అదే ఊళ్లో ఓవర్‌గ్రౌండ్ అని పిలిచే రైలు ఒకటి థేమ్స్ నది కిందనుంచి వెళుతుంది, అదీ 1843లో తెరిచిన సొరంగంలోంచి. ఓడలు తిరిగే నది కింద ప్రపంచంలో మొట్టమొదట తవ్వింది అదే, మొదట నడిచి వెళ్లేవాళ్లకే తెరిచారు. టోక్యోలో గింజా లైను ఆసియాలో మొదటి భూగర్భ లైను, 1927 నాటిది. దాని చివరి స్టేషన్ షిబుయా నేలకు పైన, మూడో అంతస్తులో ఉంటుంది. రైలు ఎక్కలేదు, నేలే దిగింది. షిబుయా లోయలో ఉంది. సొరంగం అదే మట్టంలో వచ్చి గాలిలోకి తేలింది.

ఊపిరి | బుధవారం, తెల్లవారుజామున 1.35

ఇక్కడ రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

పోయిన ఏడాది నేనెక్కిన రైలు సొరంగంలో ఆగిపోయింది. ఇరవై అయిదు నిమిషాలు. ఒక్క ప్రకటన లేదు. ఏసీ ఆగిపోయింది, లైట్లు సగం ఆరిపోయాయి. పక్కనున్నావిడ ప్రార్థన మొదలుపెట్టింది. నా గుండె చప్పుడు నాకే వినబడింది, చేతులు చల్లబడ్డాయి. తర్వాత రైలు కదిలింది, ఎవరికీ ఏమీ కాలేదు, ఎందుకు ఆగిందో ఎవరూ చెప్పలేదు. అప్పటినుంచి మెట్ల దాకా వెళ్లి వెనక్కి వస్తున్నాను. పై లైనులో అంతసేపు ఆగినా నాకు ఏమీ అనిపించదు. బయట చెట్టు కనిపిస్తే చాలు. ఇంట్లోవాళ్లు ధైర్యం తెచ్చుకో అంటారు. ధైర్యం లేక కాదు, అక్కడికి వెళ్తే ఒళ్లు నా మాట వినడం లేదు.

ముందుకేబిన్ | బుధవారం, ఉదయం 5.05

ఊపిరి గారూ, నేను రైలు నడుపుతాను. రోజూ సొరంగంలోనూ వంతెన మీదా రెండు చోట్లా నడిపే లైను నాది. మీకు ఆ రోజు ఎవరూ ఒక్క మాట చెప్పకపోవడం తప్పు. మాకు ట్రైనింగులో చెప్పేదే అది, కారణం తెలియకపోయినా మైకు తీసుకుని ఆగాం, కనుక్కుంటున్నాను అని చెప్పాలి. మనిషి గొంతు వినబడితే బోగీలో గుసగుసలు తగ్గుతాయి.

లోపల ఏముంటుందో తెలిస్తే మీకు కొంచెం నయమవుతుందేమో, అందుకని రాస్తున్నాను. సొరంగంలో రైలు ఆగిందంటే చాలాసార్లు ముందు స్టేషన్‌లో ఇంకో రైలు కదల్లేదని అర్థం. పట్టాల దారిని భాగాలుగా చేసి, ముందు భాగం ఖాళీ అయితే తప్ప వెనక రైలును రానివ్వరు. కరెంటు పోయినా బ్యాటరీ మీద కొన్ని లైట్లూ మైకూ పనిచేస్తాయి. అందుకే మీ లైట్లు సగం ఆరాయి, సగం వెలిగాయి. కొత్త సొరంగాల్లో గోడ పక్కన నడిచే దారి ఉంటుంది, కొంత దూరానికొకటి పక్క సొరంగంలోకి తలుపులుంటాయి. రైల్లో మంట వస్తే మాకు మొదటి నియమం సొరంగంలో ఆపకుండా వీలైనంత వరకు స్టేషన్‌కి తీసుకెళ్లడం.

ఈ నియమాలు ఊరికే రాలేదు. 1987లో లండన్ కింగ్స్ క్రాస్ స్టేషన్‌లో చెక్క ఎస్కలేటర్ అంటుకుని 31 మంది పోయారు. 2003లో దక్షిణ కొరియా దేగూలో రైలు తగలబడి 192 మంది పోయారు. ఆ తర్వాతే చెక్క మెట్లు పోయాయి, సీట్లూ నేలా అంటుకోని సరుకుతో చేయడం మొదలైంది. ఇవి చెప్పి మిమ్మల్ని భయపెట్టాలని కాదు. ఈ రోజు మీరెక్కే బోగీ అప్పటి బోగీ కాదు.

సొరంగంపనివాడు | బుధవారం, ఉదయం 6.20

ముందుకేబిన్ గారు చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. సొరంగంలో గాలి ఆడటానికి పెద్ద ఫ్యాన్లుంటాయి. పొగ వస్తే దాన్ని ఒకవైపుకే తోసి, జనాన్ని రెండో వైపు నుంచి, మంచి గాలికి ఎదురుగా నడిపిస్తారు. నెలకోసారి అర్ధరాత్రి వాటిని నడిపి చూడటం నా పని. నేను పరీక్షించే రాత్రుల్లో ప్రతిసారీ మీలాంటివాళ్లే గుర్తొస్తారు.

చెవిచూపు | బుధవారం, ఉదయం 10.45

నాకు పుట్టినప్పటి నుంచీ చూపు లేదు. ఫోను చదివి వినిపిస్తుంటే ఈ చర్చంతా విన్నాను. కిటికీ ఉన్నా లేకున్నా నాకు ఒకటేనని చాలామంది అనుకుంటారు. ఒకటి కాదు.

పై లైనులో పొద్దున్న ఎడమ చెంప మీద ఎండ పడుతుంది. రైలు మలుపు తిరగగానే అది మెడ వెనక్కి వెళుతుంది. నది మీదికి రాగానే కింద నేల ఖాళీ అయినట్టు చప్పుడు పల్చబడుతుంది. తలుపు తెరిస్తే వాన వాసన, ఎండిన మట్టి వాసన, ఒక్కో స్టేషన్‌కి ఒక్కో గాలి. బాగుంటుంది. కానీ వాన పడితే రేకుల కప్పు మీద మోతలో ఏ రైలు ఎటు వస్తోందో తెలియదు. గాలి ప్రకటనను ఎత్తుకుపోతుంది. కింద రోడ్డు హారన్లు వేరు. చాలాసార్లు పక్కవాళ్లను అడగాల్సి వస్తుంది.

కింద నాకు ఎవరినీ అడిగే పని లేదు. సొరంగంపనివాడు గారు చెప్పిన ఆ గాలి ఎటునుంచి వస్తే రైలు అటునుంచి. రెండు వైపులా పట్టాలున్న ప్లాట్‌ఫాం మీద గాలి తగిలిన చెంపను బట్టి అటు తిరుగుతాను. కర్ర చప్పుడు గోడకు తగిలి తిరిగొచ్చే తీరు ప్రతి స్టేషన్‌లో వేరు. ఎస్కలేటర్ గుర్రుమనే చోటు నా దారికి గుర్తు. అద్దం తలుపులున్న ప్లాట్‌ఫాం అయితే కింద పడతానన్న భయమే ఉండదు. సింగపూర్ 1987లోనే తన భూగర్భ స్టేషన్లకు అవి పెట్టింది. మాస్కోలో ఊరి మధ్యకు వెళ్లే రైల్లో మగ గొంతు, ఊరి బయటికి వెళ్లే రైల్లో ఆడ గొంతు స్టేషన్ పేరు చెబుతుంది. అలాంటిది అన్ని ఊళ్లలో ఉంటే ఎంత బాగుండును!

కిటికీపక్క గారూ, రైలు ఎటు తిరుగుతుందో తెలియదన్నారు. మీ ఒంటికి తెలుసు, మీరు అడగలేదు అంతే. రేపు రెండు స్టేషన్ల మధ్య కళ్లు మూసుకుని నిలబడండి. బరువు ఏ కాలి మీదికి వస్తుందో చూడండి.

నాన్నతో | బుధవారం, మధ్యాహ్నం 3.15

అందరూ రైల్లో కూర్చున్నాక జరిగేది చెబుతున్నారు. నాకు కష్టమంతా రైలు దాకా చేరడమే. మా నాన్నగారికి మోకాళ్లు అరిగిపోయాయి. కింద స్టేషన్ అంటే దిగాలి, వంతెన స్టేషన్ అంటే ఎక్కాలి, అది కూడా రెండు అంతస్తులు. టికెట్లు మొదటి అంతస్తులో, రైలు రెండో అంతస్తులో. లిఫ్టు పాడైతే రెండూ మాకు ఒకటే. నేల మీద ఆగే రైలు ఒక్కటే ఆయనకు సొంతంగా ఎక్కగలిగే రైలు.

ఇంకొకటి, లోతు స్టేషన్లలో టైం లెక్క తప్పుతుంది. కీవ్‌లో ఆర్సెనాల్నా అనే స్టేషన్ 105 మీటర్ల లోతులో ఉంది, ఎస్కలేటర్ మీద నిలబడితే పైకి రావడానికే దాదాపు అయిదు నిమిషాలు. పటం చూసి రెండు స్టేషన్లు మూడు నిమిషాలు అనుకుంటాం, ఇంటి నుంచి ఇంటికి లెక్క వేస్తే ఇరవై అవుతుంది.

పాతపట్టాలు | బుధవారం, సాయంత్రం 6.40

పటం సంగతి మీరే ఎత్తారు కాబట్టి చెబుతాను. దారి తెలియకపోవడానికి చీకటి ఒక్కటే కారణం కాదు. 1931లో హ్యారీ బెక్ అనే డ్రాఫ్ట్స్‌మన్, కింద వెళ్లేవాడికి పైన ఊరితో పని లేదు, ఏ స్టేషన్ తర్వాత ఏది, ఎక్కడ మారాలి అన్నదే కావాలి అని గుర్తించి లండన్ లైన్లన్నీ నిలువు, అడ్డ, ఏటవాలు గీతలుగా గీశాడు. 1933లో అచ్చువేసి ఇచ్చారు, జనం ఎగబడి తీసుకున్నారు. ఈ రోజు దాదాపు ప్రతి ఊరి పటం ఆ పద్ధతిలోనే ఉంటుంది. గొప్ప పనే. కానీ అందులో దూరాలు నిజం కావు. లెస్టర్ స్క్వేర్, కోవెంట్ గార్డెన్ స్టేషన్ల మధ్య దూరం దాదాపు 260 మీటర్లే. లోపలికి దిగి, రైలు కోసం నిలబడి, మళ్లీ పైకి వచ్చేలోపు నడిచి వెళ్లిపోవచ్చు. పటంలో మాత్రం మిగతా స్టేషన్లలాగే కనిపిస్తాయి.

పై లైనులో వెళ్లేవాడికి ఊరంతా ఒక గీతలా తెలుస్తుంది. కింద వెళ్లేవాడికి చుక్కలు మాత్రమే తెలుస్తాయి. చుక్కలను కలపడం వాడే నేర్చుకోవాలి.

రెండుబస్సులు | బుధవారం, రాత్రి 8.05

ముందుకేబిన్ అన్నా, వానాకాలంలో ఏది నమ్మొచ్చు? కింద అయితే వాన బాధ లేదు కదా?

ముందుకేబిన్ | బుధవారం, రాత్రి 11.50

డ్యూటీ దిగి రాస్తున్నాను. మామూలు వానకు కిందదే నయం. పైన తడిసిన పట్టా మీద చక్రం జారుతుంది, కాస్త ముందునుంచే బ్రేకు వేయాలి. చలి దేశాల్లో ఆకులు రాలే కాలంలో అవి పట్టాల మీద నలిగి జిగటలా అంటుకుంటాయి, దానికి ప్రత్యేకంగా పట్టాలు కడిగే బండ్లు తిప్పుతారు. మండే ఎండలో పట్టా సాగి వంకర తిరుగుతుందని వేగం తగ్గిస్తారు. సొరంగంలో ఇవేవీ లేవు, ఏడాదంతా ఒకే వాతావరణం.

కానీ నీళ్లు హద్దు దాటితే లెక్క తిరగబడుతుంది. 2012లో శాండీ తుపానుకు న్యూయార్క్‌లో నదుల కింద సొరంగాలు ఉప్పు నీళ్లతో నిండాయి, తోడేశాక కూడా ఉప్పు తిన్న తీగలు మార్చడానికి ఏళ్లు పట్టింది. 2021 జులైలో చైనా జెంగ్‌జౌలో కుండపోతకు నీళ్లు సొరంగంలోకి చొరబడి రైలు ఆగిపోయింది, బోగీలో ఛాతీ లోతు నీళ్లలో జనం నిలబడ్డారు, 14 మంది చనిపోయారు. అంత వాన కురిసే రోజు కింద లైను ఆపేశాం అంటే తిట్టకండి. ఆపడమే సరైన పని.

సొరంగంపనివాడు | గురువారం, ఉదయం 6.30

మూడోఅంతస్తు గారు ఎంత ఖర్చయినా కిందే అన్నారు. ఆ మాట మీద నాకు గౌరవం ఉంది, కానీ ఖర్చు చిన్న విషయం కాదు. మామూలుగా అదే దూరానికి సొరంగం వంతెన కంటే రెండు మూడు రెట్లు అవుతుంది, నేల బాగా లేకపోతే ఇంకా ఎక్కువ. అదే డబ్బుతో వంతెన మీద ఇంకో పది స్టేషన్లు వస్తే, ఇప్పటికి ఏ రైలూ లేని ఒక పేటకు రైలు వస్తుంది. అందుకే చాలా ఊళ్లు నడిబొడ్డున కింద, బయటికి వచ్చాక పైన అని సర్దుకుంటాయి. మీ ఇంటి ముందు జరిగింది మాత్రం ఖర్చు సమస్య కాదు. మలుపు దగ్గర పట్టాకు గ్రీజు పూసే యంత్రం పెడితే ఆ కీచు చాలా తగ్గుతుంది, చప్పుడు గోడ మొత్తం ఖర్చులో చాలా చిన్న భాగం. అర్జీలో గోడతోపాటు ఈ మాట కూడా రాయండి. ఎంత చప్పుడు వస్తోందో డెసిబెల్స్‌లో కొలిపించమని కూడా అడగండి. అంకె ఉన్న అర్జీని పక్కన పడేయడం కష్టం.

మూడోఅంతస్తు | గురువారం, ఉదయం 9.15

గ్రీజు సంగతి ఇన్నేళ్లలో మాకు ఎవరూ చెప్పలేదు. ఈ వారమే మళ్లీ రాస్తాను. ధన్యవాదాలండీ.

ఊపిరి | గురువారం, రాత్రి 10.10

ముందుకేబిన్ గారూ, సొరంగంపనివాడు గారూ, మీరు రాసినవి చాలాసార్లు చదివాను. నిన్న మధ్యాహ్నం రద్దీ లేనప్పుడు చెల్లెల్ని తోడు తీసుకుని ఒక్క స్టేషన్ వెళ్లాను. చేతులు వణికాయి. ఎక్కగానే సగం ఆరినా వెలిగే లైట్లు ఏవో వెతికాను, దొరికాయి. గోడ పక్క నడిచే దారి కూడా కనిపించింది. ఇన్నాళ్లూ నాకు అది కేవలం చీకటి. పై వారం రెండు స్టేషన్లు వెళ్తాం.

కిటికీపక్క | ఆదివారం, రాత్రి 9.30

మూడు రోజులు చెవిచూపు గారు చెప్పినట్టు చేశాను. రెండో స్టేషన్ దాటగానే బరువు కుడి కాలి మీదికి వస్తుంది, అంటే ఎడమకు తిరుగుతున్నాం. నాలుగో స్టేషన్ ముందు వీపు వెనక్కి వాలుతుంది, అక్కడ ఎత్తు ఉంది. ఇన్నాళ్లూ ఫోను చూస్తూ వీటిని వదిలేశాను.

ఈ ఉదయం ఆ దారంతా పైన నడిచాను. రెండున్నర గంటలు పట్టింది. ఎడమకు తిరిగే చోట పైన ఒక పాత ఆసుపత్రి గోడ, దాని వెనక చింత చెట్ల వరస ఉన్నాయి. రైలు ఆ చెట్లను చుట్టి వెళుతోందని నాకు తెలియదు. ఎత్తు ఎక్కే చోట పైన కూడా రోడ్డు ఎక్కుతోంది. అయిదో స్టేషన్‌కీ ఆరో స్టేషన్‌కీ మధ్య నేను అనుకున్నదానిలో సగం దూరం కూడా లేదు. పేపర్ మీద గీత గీసి, చూసినవన్నీ రాసుకున్నాను. కిటికీ అయితే లేదు, కానీ రేపటినుంచి ఎక్కడ ఏం దాటుతున్నానో తెలుస్తుంది.

ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. మూడో స్టేషన్ దాటిన కాసేపటికి చప్పుడు ఒక్కసారిగా పల్చబడి, నాలుగైదు సెకన్ల తర్వాత మళ్లీ మామూలవుతుంది. పైన చూస్తే ఖాళీ మైదానం తప్ప ఏమీ లేదు. చెవిచూపు గారూ, మీకు అలాంటిది ఎక్కడైనా తగిలిందా?

చెవిచూపు | ఆదివారం, రాత్రి 9.55

మా లైనులో రెండు చోట్ల ఉంది. నేను దాన్ని పెద్ద గది అని పిలుచుకుంటాను. ఏమిటో నాకూ తెలియదు. ఆ మోత వెళ్లేటప్పుడు ఎడమవైపు నుంచి వస్తుందా, కుడివైపు నుంచా?

సొరంగంపనివాడు | ఆదివారం, రాత్రి 10.20

మీరిద్దరూ విన్నది దాదాపు ఖాయంగా క్రాసోవర్. రైళ్లు ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మారడానికి రెండు సొరంగాలనూ కలిపి అక్కడ ఒకే వెడల్పాటి గుహలా తవ్వుతారు. గోడ దూరమవుతుంది కాబట్టి మోత పల్చబడుతుంది. చక్రాల కింద టకటకమని రెండు మూడు దెబ్బలు కూడా వినబడాలి, అవి పట్టాలు విడిపోయే చోటు. దెబ్బలు లేకపోతే అది గాలి కోసం పైదాకా తవ్విన బావి. అప్పుడు మీరు చూసిన మైదానంలో ఒక మూల ఇనుప జాలీ వేసిన కట్టడం ఉండాలి.

కిటికీపక్క | ఆదివారం, రాత్రి 10.31

జాలీ ఉంది! చుట్టూ పిల్లలు ఆడుకుంటుంటే నీళ్ల ట్యాంకు అనుకున్నాను. రేపు పొద్దున్న దెబ్బలున్నాయో లేదో విని చెబుతాను. చెవిచూపు గారూ, ఎడమవైపు నుంచే అనిపించింది, అది కూడా సరిచూస్తాను.